మందుల ఏజెన్సీ పెడుతున్న మేనకోడలికి

శ్రావణీ,

నువ్వు తెనాలిలో మందుల హోల్‌సేల్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇళ్లలో అందరం ఉద్యోగాలు చేసినవాళ్లమే, లైసెన్సు మీద సొంత పేరు వేయించుకున్నది నువ్వే, నాకెంత గర్వంగా ఉందో ఎదురుగా చెప్పడం చేతకాక ఇలా రాస్తున్నా. కానీ బిల్లింగ్‌కి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ తీసుకుంటున్నావని, అందులో విండోస్, లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ మీ తమ్ముడి ఫ్రెండ్ ఊరికే వేసిస్తాడని కూడా చెప్పింది. టెన్షన్ అక్కడ మొదలైంది.

ఊరికే వచ్చే క్రాక్ ఫైళ్లలోనే, అంటే లైసెన్సు కొనకుండా దొంగతనంగా నడిపించే వాటిలోనే, చాలాసార్లు రాన్సమ్‌వేర్ దాక్కుని వస్తుంది, అది మన ఫైళ్లకి తాళం వేసి, తీయడానికి డబ్బులడుగుతుంది. లక్షల సరుకు తెచ్చి, లెక్కలు రాసుకునే దగ్గర కక్కుర్తేంటే? విండోస్ 10 అయితే అసలు కొనకు, దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లనే పట్టుకుంది. దాన్ని ఆపే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి. పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టు, ఈమెయిల్‌కి ఓటీపీ పెట్టు, బిల్లింగ్ కంప్యూటర్‌లో మీ తమ్ముణ్ణి సినిమాలు చూడనివ్వకు. ఇవన్నీ నీకు తెలుసు.

నీకు తెలియనిది, గుంటూరులో నేను లెక్కలు రాసిన ఏజెన్సీలో జరిగింది. లాక్‌డౌన్‌లో మా ఓనరు ఇంటి నుంచే టాలీ చూసుకోవాలని రిమోట్ డెస్క్‌టాప్ పెట్టించుకున్నాడు. వేసినవాడు రౌటర్‌లో దారి నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి వదిలేశాడు. పాస్‌వర్డ్ ఏమిటనుకున్నావ్, షాపు పేరు, పక్కన 123. ఒక సోమవారం పొద్దున వచ్చేసరికి ప్రతి ఫైలు పేరు చివరా ఏదో తోక, ఒక్కటీ తెరుచుకోదు, డెస్క్‌టాప్ మీద డబ్బులు అడుగుతూ ఒక నోట్. బ్యాకప్ ఉందిగా అని ధైర్యంగానే ఉన్నాం. ఆ హార్డ్ డిస్క్‌ని మాత్రం మా ఓనరు ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచేవాడు, రోజూ తీసిపెట్టడం ఎవడు చేస్తాడని. దానికీ అదే తోక.

అమ్మకాలు జీఎస్టీ పోర్టల్లో మేం వేసిన రిటర్నుల నుంచి చాలావరకు తిరిగి ఎక్కించుకున్నాం. బాకీలు? ఏ మెడికల్ షాపు ఎంత కట్టింది, ఎంత ఉంది అన్నది ఏ పోర్టల్లోనూ ఉండదు. కంప్యూటర్ ఉందిగా అని వసూళ్ల పుస్తకం రాయడం అంతకుముందే మానేశాం. పెన్ను, కాగితం పట్టుకుని షాపు షాపుకీ తిరిగి "మీరు మాకెంత ఇవ్వాలండీ" అని అడిగాం. నిజం చెప్పినవాళ్లే ఎక్కువ, ఆ మాట చెప్పాలి. కానీ పెద్ద బాకీలున్న కొందరు "మొన్నే ఇచ్చాంగా" అన్నారు. కాదనడానికి మా చేతిలో ఏముంది? ఆ నష్టం నుంచి ఆయన తేరుకోలేకపోయాడు.

అందుకే నా గోల అంతా బాకీల గురించే. శనివారం శనివారం టాలీలో బిల్స్ రిసీవబుల్, అంటే ఎవరు ఎంత బాకీ అన్న జాబితా, ప్రింట్ తీసి ఇంట్లో ఫైల్లో పెట్టు. నవ్వుకో, పర్లేదు. హార్డ్ డిస్కులు రెండు ఉండాలి, బ్యాకప్ తీసేటప్పుడే తగిలించు, అవ్వగానే పీకెయ్, ఒకటి ఎప్పుడూ ఇంట్లోనే ఉండాలి. పాత బ్యాకప్ మీదే కొత్తది రాయకు, ఫైళ్లు పాడైన సంగతి మనకి ఆలస్యంగా తెలిస్తే మంచి కాపీ కూడా పోతుంది. నెలకోసారి వేరే ల్యాప్‌టాప్‌లో ఎక్కించి తెరుచుకుంటోందో లేదో చూడు.

ఒకవేళ జరిగితే, ముందు నెట్ వైరు పీకు. ఫార్మాట్ చెయ్యనివ్వకు, నోట్ ఫోటో తీసుకో, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు ఇవ్వు. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి ఆరు గంటల్లోగా తెలియజేయాలని 2022 నుంచి నియమం ఉంది. నో మోర్ రాన్సమ్ అనే సైట్లో కొన్ని రకాలకి తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి, అది చూడకుండా ఎవడికీ రూపాయి కట్టకు. కట్టినా ఫైళ్లు వస్తాయన్న గ్యారంటీ లేదు. భయమేస్తే అర్ధరాత్రైనా సరే నాకు ఫోన్ చెయ్యి తల్లీ, తిట్టను.

ఓపెనింగ్‌కి ముందురోజే వస్తాను, ఆ రౌటర్ నేను చూడాలి. హార్డ్ డిస్కులు రెండూ నేనే తెస్తా, డబ్బుల మాట ఎత్తకు.

మీ మావయ్య