రెంటచింతల ఎండకు తుపాను ఎందుకు పుట్టదు?

ప్రశ్న: బాపట్ల జిల్లాలో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. తుపాన్ల పాఠం చెబుతుంటే ఎనిమిదో తరగతి పిల్లాడు లేచి, "మేడమ్, వేడికే తుపాను పుడితే రెంటచింతలలో 45 డిగ్రీలు కాస్తుంది కదా, అక్కడ పుట్టదేం?" అన్నాడు. తడి కూడా ఉండాలని చెప్పాను గానీ వాడికి ఎక్కినట్టు లేదు. క్లాసులో చేసి చూపించేలా ఏమైనా చెప్పండి.

జవాబు: మేడమ్, ముందు ఆ పిల్లాణ్ని మెచ్చుకోండి, చాలా మంచి ప్రశ్న అడిగాడు. మీరు చెప్పింది సరైనదే, కాకపోతే తడి ఏం చేస్తుందో వాళ్లకు కళ్లకు కనపడాలి.

చేతులు తడి చేసుకుని ఊదుకోమనండి. చల్లగా ఉంటుంది, ఎందుకంటే నీరు ఆవిరవుతూ ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. ఎంత పట్టుకుపోతుందంటే, లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీల దాకా కాచడానికి ఎంత వేడి కావాలో, ఆ మరిగే నీటినంతా ఆవిరి చెయ్యడానికి దానికి ఏడు రెట్లకు పైగా కావాలి. ఆ వేడంతా ఆవిరిలో దాగి ఉంటుంది. ఇప్పుడు స్టీలు గ్లాసులో ఐసు వేసి బల్ల మీద పెట్టండి, బయట చెమ్మ పడుతుంది. ఆవిరి మళ్లీ నీరైనప్పుడు దాచుకున్న వేడిని వదిలేస్తుంది, గ్లాసులో ఐసు తొందరగా కరగడానికి అదీ ఒక కారణం. ఇదే పని ఆకాశంలో జరిగితే మేఘం. అక్కడ వదిలిన వేడికి చుట్టూ ఉన్న గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద పీడనం ఇంకా పడిపోతుంది, చుట్టుపక్కల నుంచి తడిగాలి ఇంకా జోరుగా వచ్చి చేరుతుంది. సముద్రం 26.5 డిగ్రీలకు పైన వెచ్చగా ఉండి, ఆ వెచ్చదనం కొన్ని పదుల మీటర్ల లోతు దాకా ఉంటే ఇది రోజుల తరబడి సాగుతూనే ఉంటుంది. రెంటచింతల నేలకు ఎండ ఉంది, ఆవిరి లేదు. తీరం దాటాక తుపాను నీరసించేదీ అందుకే.

ఇక తిరగడం. గుండ్రటి అట్టను బల్లకు గుండుసూదితో గుచ్చి, ఒకరు దాన్ని గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పుతుంటే ఇంకొకరు స్కేలు వెంట అంచు నుంచి మధ్యకు తిన్నగా గీత గీయాలి. అట్ట మీద పడేది వంకర గీతే, అదీ కుడివైపు ఒరిగి. భూమి తిరుగుతుంది కాబట్టి మన అర్ధగోళంలో గాలీ అలాగే కుడికి ఒరుగుతుంది, నాలుగు వైపుల నుంచి మధ్యకు వచ్చే గాలి ఆ మెలికతో మధ్యకు కుడి పక్కగా తప్పుకుంటుంది కాబట్టే తుపాను గడియారానికి ఎదురుగా తిరుగుతుంది. భూమధ్యరేఖకు 5 డిగ్రీల లోపల ఆ మెలిక చాలదు, అక్కడ తుపాన్లు దాదాపు పుట్టవు.

ఇక్కడ తప్పకుండా 1977 నవంబరు 19 గురించి చెప్పండి. తుపాను తీరం దాటింది చీరాల దగ్గర, కానీ ఉప్పెన ముంచింది దివిసీమను! ఎందుకో మ్యాపు మీద వాళ్లనే కనుక్కోనివ్వండి. చీరాల దగ్గర చుక్క పెట్టి చుట్టూ ఎదురు దిశలో బాణాలు వేయిస్తే, దక్షిణాన గాలి నేల నుంచి సముద్రంలోకి పోతుంది, ఉత్తరాన సముద్రం నుంచి నేల మీదికి వస్తుంది. దివిసీమ ఉన్నది ఆ వైపే. నీళ్లు అయిదు మీటర్ల ఎత్తున వచ్చి పడ్డాయి, పది వేల మంది దాకా పోయారు. మీ ఊళ్లో ఆ రాత్రి చూసిన పెద్దవాళ్లు ఉంటారు, గాలి ముందు ఎటు నుంచి కొట్టింది, తర్వాత ఎటు మారింది అని పిల్లల్ని అడిగి రమ్మనండి. చుట్టాలు విశాఖలో ఉన్నవాళ్లయితే 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ గురించి అడగొచ్చు, నగరం మీదుగా తుపాను కన్ను, అంటే గాలి నెమ్మదించే నడిమి భాగం, వెళ్లింది కాబట్టి మధ్యలో గాలి ఆగి, మళ్లీ రెండో వైపు నుంచి కొట్టింది.

ఆ పిల్లాడు ఆగస్టులో సముద్రం వెచ్చగానే ఉంటుంది కదా, అప్పుడు తుపాన్లు రావేం అని కూడా అడుగుతాడు చూడండి. రుతుపవనాలప్పుడు కింద పడమటి గాలి, బాగా ఎత్తున తూర్పు గాలి గట్టిగా వీస్తాయి. నిలువుగా లేచే మేఘాలను తలో వైపు లాగేస్తాయి, అందుకే ఎక్కువగా వాయుగుండం దగ్గరే ఆగిపోతుంది. మీ బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా 2010 మేలో వచ్చింది, మిచౌంగ్ 2023 డిసెంబరులో. ఈ రెండూ బోర్డు మీద రాసి, మే తర్వాత గాలుల్లో ఏం మారుతుందో వాళ్లనే చెప్పమనండి.