ప్యాకెట్ మీద ‘కార్బన్ న్యూట్రల్’ అని వేసే ముందు

ప్రశ్న: మాది సబ్బులు తయారుచేసే చిన్న కంపెనీ. సరుకు యూరప్‌కు కూడా పంపుతాం. పవన విద్యుత్ ప్రాజెక్టుల కార్బన్ క్రెడిట్లు చవగ్గా ఇప్పిస్తానని, అవి కొంటే ప్యాకెట్ మీద ‘కార్బన్ న్యూట్రల్’ అని వేసుకోవచ్చని ఒక ఏజెంట్ చెబితే కొన్ని కొన్నాం. మా బాయిలర్, కరెంటు లెక్కవేసి సరిపడా టన్నులు ఇచ్చానంటున్నాడు. సర్టిఫికెట్ జతచేశాను. ఇది చట్టానికి నిలుస్తుందా? రేపు కేసు పడితే బాధ్యత ఏజెంట్‌దా, మాదా?

జవాబు: ముందు ప్యాకెట్ల ప్రింటింగ్ ఆపండి. ఆర్డర్ ఇచ్చేసి ఉంటే ప్రెస్‌కి ఇవాళే ఫోన్ చేయండి. మిగతా విషయం ఆ తర్వాత నిదానంగా చదవొచ్చు.

క్రెడిట్లు కొన్నందుకు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. మంచి ప్రాజెక్టుకు ఆ డబ్బు చేరితే నిజంగానే మేలు జరుగుతుంది, నేను దానికి వ్యతిరేకిని కాను. కేసు వచ్చేదల్లా ప్యాకెట్ మీద వేసే ఆ రెండు మాటల వల్ల, అంటే ఈ సబ్బు వల్ల గాల్లోకి నికరంగా కార్బన్ ఏమీ చేరదని చెప్పడం వల్ల. అవి మీ పేరుతో, మీ సరుకు మీద ఉంటాయి కాబట్టి కొనుగోలుదారుకు జవాబు చెప్పాల్సింది మీరే. ‘ఏజెంట్ చెప్పాడు’ అనేది అక్కడ పనికిరాదు. ఏజెంట్ మీద మీరు విడిగా దావా వేసుకోవచ్చు, కానీ అందుకు చేతిలో గట్టి ఒప్పందం ఉండాలి, మీ దగ్గర ఉన్నది ఇన్వాయిస్ ఒక్కటే.

మీరు పంపిన సర్టిఫికెట్ రెండుసార్లు చదివాను. పైన ఏజెంట్ కంపెనీ లోగో, మధ్యలో మీ కంపెనీ పేరు, ఇన్ని టన్నులు కొన్నందుకు అభినందనలు అని ఒక వాక్యం, కింద సంతకం. ప్రాజెక్టు పేరు లేదు, సీరియల్ నంబర్లు లేవు, ‘రిటైర్’ అన్న మాట అసలే లేదు. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలను ఎవరో ఎక్కడో ఆపారనో, గాల్లోంచి తీసేశారనో లెక్క. క్రెడిట్లు జారీచేసే వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ లాంటి సంస్థల రిజిస్ట్రీలో, అంటే ఆన్‌లైన్ చిట్టాలో, దానికో నంబరు ఉంటుంది. ఆ టన్ను మీ లెక్కలోకి రావాలంటే రిజిస్ట్రీలో దాన్ని మీ పేరున రిటైర్ చేయాలి, అంటే వాడేసినట్టు నమోదు చేయాలి, అప్పుడిక దాన్ని ఎవరూ మళ్లీ అమ్మలేరు. రిటైర్ చేయనంత వరకు అదే టన్నును రేపు ఇంకొకరికి అమ్మినా మీకు తెలిసే దారి లేదు. రిటైర్ అయినవి రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, అది చూడటానికి నాలాంటి లాయరు కూడా అక్కర్లేదు.

ఇక పవన విద్యుత్ సంగతి. కార్బన్ డబ్బు రాకపోతే ఆ పని జరిగేది కాదు అన్నప్పుడే క్రెడిట్‌కు అర్థం, దీన్నే అడిషనాలిటీ అంటారు. గాలిమరలు ఇప్పుడు చాలాచోట్ల కరెంటు అమ్మకంతోనే గిట్టుబాటవుతున్నాయి. అందుకే క్రెడిట్ల నాణ్యతకు ప్రమాణాలు పెట్టే ఐసీవీసీఎం అనే స్వతంత్ర మండలి 2024 ఆగస్టులో, అప్పటికి వాడుకలో ఉన్న 8 పునరుత్పాదక విద్యుత్ పద్ధతులకు తన నాణ్యతా ముద్ర నిరాకరించింది. మీకు చవగ్గా దొరకడానికి ఇది కూడా ఒక కారణం అయ్యుంటుంది.

సరే, అన్నీ మేలురకం క్రెడిట్లే అనుకుందాం. అప్పుడైనా ‘కార్బన్ న్యూట్రల్ సబ్బు’ అనగలరా? ఏజెంట్ లెక్కగట్టింది బాయిలర్, కరెంటు మాత్రమే. సబ్బుకు వాడే పామాయిల్ ఎక్కడి నుంచి వచ్చింది, ఆ తోట కోసం అడవి కొట్టారా, ఆ సబ్బుతో స్నానం చేసేవాళ్లు కాచుకునే వేడినీళ్ల మాటేమిటి? కంపెనీల ఉద్గారాలు లెక్కగట్టడానికి వాడే జీహెచ్‌జీ ప్రోటోకాల్ అనే పద్ధతిలో వీటిని స్కోప్ 3 అంటారు, సబ్బుల విషయంలో చాలావరకు పెద్ద వాటా ఇక్కడే ఉంటుంది. దాన్ని వదిలేసి న్యూట్రల్ అంటే అబద్ధం కిందే లెక్క.

కోర్టులు ఈ మాటను ఎంత గట్టిగా పట్టుకుంటున్నాయో చూడండి. జర్మనీలో ఒక మిఠాయిల కంపెనీ తన ప్రకటనలో ‘క్లైమేట్ న్యూట్రల్’ అంది. 2024 జూన్ 27న అక్కడి ఫెడరల్ సుప్రీంకోర్టు, ఆ మాటకు అర్థం ఉద్గారాలు తగ్గించడమా, క్రెడిట్లతో పూడ్చడమా అనేది ఆ ప్రకటనలోనే చెప్పి తీరాలని, వివరాలు బయట వెబ్‌సైట్‌లో ఉన్నాయంటే చాలదని తేల్చింది. అదే ఏడాది మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు విమానయాన సంస్థ కేఎల్ఎం ప్రకటనల్లో చాలా వాటిని తప్పుదోవ పట్టించేవిగా తేల్చింది, చెట్లు నాటించి ప్రయాణ ప్రభావాన్ని తగ్గించుకోవచ్చని చెప్పినవీ అందులో ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు ముందుకేసింది. ఆఫ్‌సెట్ల (అంటే క్రెడిట్లతో పూడ్చడం) ఆధారంగా పర్యావరణంపై ఒక వస్తువు ప్రభావం తటస్థం అనో, తగ్గిందనో వినియోగదారులకు చెప్పడాన్నే నిషేధిస్తూ 2024లో డైరెక్టివ్ (సభ్యదేశాలు తమ చట్టాల్లో పెట్టుకోవాల్సిన ఆదేశం) తెచ్చింది, అది 2026 సెప్టెంబరు 27 నుంచి వర్తించాలి. అంటే మీ ప్యాకెట్ అక్కడ ఎంత వివరణ ఇచ్చినా చెల్లదు. కాలిఫోర్నియాలో 2023 నాటి చట్టం ప్రకారం ఇలాంటి మాట చెప్పేవాళ్లు ప్రాజెక్టు, రిజిస్ట్రీ వివరాలు బయటపెట్టాలి, లేదంటే రోజుకు 2,500 డాలర్ల దాకా జరిమానా. భారత్‌లో గ్రీన్‌వాషింగ్ (పర్యావరణానికి మేలని తప్పుగా చెప్పుకోవడం) మీద 2024లో వచ్చిన మార్గదర్శకాలు కూడా పర్యావరణం పేరుతో చెప్పే ప్రతి మాటకూ రుజువు అడుగుతున్నాయి.

మరి క్రెడిట్లు అసలు కొనొద్దా అంటే, కొనండి, కానీ ముందు లెక్క, తర్వాత తగ్గింపు, ఆ తర్వాతే క్రెడిట్లు. బాయిలర్ ఇంధనం మార్చడానికి పెట్టాల్సిన డబ్బు తీసుకెళ్లి క్రెడిట్లలో పోయొద్దు. ఈసారి ఒప్పందంలో క్రెడిట్లు అమ్మకందారు సొంతమేనని, ఇంకెవరికీ అమ్మలేదని హామీ రాయించుకోండి. ఫలానా తేదీలోగా మీ పేరున రిటైర్ చేశాకే పూర్తి సొమ్ము అని షరతు పెట్టండి. అడవి ప్రాజెక్టయితే రేపు అడవి తగలబడినా, రిజిస్ట్రీ ఆ క్రెడిట్లను రద్దుచేసినా బదులు క్రెడిట్లు ఇవ్వాలో, డబ్బు వాపసు చేయాలో స్పష్టంగా ఉండాలి. చాలామంది వదిలేసేది, తర్వాత బాధపడేది ఈ చివరి క్లాజు గురించే.

చెప్పుకోవడానికి మీకు మార్గం ఉంది. ప్యాకెట్‌ని వదిలేసి మీ వార్షిక నివేదికలో ఇలా రాయండి: ‘ఈ ఏడాది మా ఉద్గారాలు ఇన్ని టన్నులు, నిరుటికంటే ఇంత తగ్గించాం. ఇది కాక ఫలానా ప్రాజెక్టు నుంచి ఇన్ని క్రెడిట్లు కొని రిటైర్ చేశాం, నంబర్లు ఇవి. వీటిని మా ఉద్గారాల లెక్కలోంచి తీసివేయలేదు.’ వినడానికి చప్పగా ఉంటుంది, ఒప్పుకుంటాను, కానీ ఇందులో ప్రతి మాటకూ కాగితం చూపించగలరు.

ఇక ఇవాళ చేయాల్సిన పని. సీరియల్ నంబర్లు ఇచ్చి, మీ పేరున రిటైర్ చేసిన రుజువు 15 రోజుల్లో పంపమని, లేకపోతే సొమ్ము వాపసు చేయమని ఏజెంట్‌కు మెయిల్ పెట్టండి, ఫోన్లో మాత్రం తేల్చుకోవద్దు. ఆయన జవాబు, ఇన్వాయిస్, ‘కార్బన్ న్యూట్రల్ అని వేసుకోవచ్చు’ అని మీకు పంపిన మెసేజ్‌లు ఉంటే అవన్నీ భద్రపరచి నాకు పంపండి, నోటీసు రాయాలా వద్దా అనేది అవి చూశాక చెబుతాను.