ఎవరి ఒంట్లోనో రాయమ్మా

అమ్మాయ్,

మలేరియా వస్తే ఒళ్ళు దాన్ని ఎలా ఎదుర్కుంటాదో నువ్వు రాసిన వ్యాసం చదివా. దోర్నాల దగ్గర మీ తాతకి చలిజ్వరం వస్తే రెండు రగ్గులు కప్పినా వణుకు ఆగక మీ నాయన ఆయన మీద పడుకుని అదిమి పట్టుకున్నాడని రాశావే, ఆ పేరా దగ్గర కాసేపు ఆగిపోయా. ఎర్రకణాలు పగిలి పరాన్నజీవులు బయటపడే వేళకే ఆ వణుకు వస్తాది, ఫాల్సిపారం, వైవాక్స్ అనే రెండు రకాల మలేరియా పరాన్నజీవుల్లోనూ దాదాపు 48 గంటలకోసారి పగులుతాయి. అది కూడా అక్కడే రాయి.

రెండో పేజీకి వచ్చేసరికి మాత్రం కోపం వచ్చింది. ఇంటర్‌ఫెరాన్, అంటే రోగం సోకినప్పుడు కణాలు వదిలే సిగ్నల్ ప్రోటీన్, విడుదలైతే టీ కణాలనే తెల్లరక్తకణాలు విజృంభించి మలేరియాని తుదముట్టిస్తాయని రాశావా? ఏ ఇంటర్‌ఫెరానమ్మా, ఎవరి ఒంట్లో? గామా రకం అయితే కొంత నిజమే, దాన్ని టీ కణాలే వదుల్తాయి, దాంతో మాక్రోఫేజ్‌లు చురుగ్గా పరాన్నజీవుల్ని మింగుతాయి. ఆల్ఫా, బీటా రకాల సంగతి వేరే. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ ఇంటర్‌ఫెరాన్‌ని కనిపెట్టింది వైరస్‌ల మీద పనిచేస్తూ, అప్పట్నుంచీ అదంటే మేలు చేసేదే అని అందరికీ నాటుకుపోయింది. మలేరియా ఎక్కించిన ఎలుకల్లో చూస్తే, పరాన్నజీవి రక్తంలో ఉన్నప్పుడు ఆల్ఫా, బీటాల సిగ్నల్ పరాన్నజీవి ముక్కల్ని టీ కణాలకి చూపించే డెండ్రిటిక్ కణాలకి అందుద్ది, అందాక అవి సీడీ4 అనే రకం టీ కణాల్ని ఉసిగొల్పడం తగ్గిస్తాయి. ఆ సిగ్నల్ అందుకునే రిసెప్టర్ లేని ఎలుకల్లో టీ కణాలు ఇంకా గట్టిగా స్పందించాయి, పరాన్నజీవులు తగ్గాయి. అవే ఇంటర్‌ఫెరాన్లు పరాన్నజీవి రక్తంలోకి రాకముందు లివర్‌లో ఉండే దశలో మళ్ళీ పరాన్నజీవిని అడ్డుకుంటాయి, అదీ ఎలుకల్లోనే.

ఎలుకా మనిషా అన్నది ప్రతి వాక్యంలో కనపడాల్సిందే, దీని దగ్గర నేను ఎవరి మాటా వినను. ఒక ఎడిటర్ నా వ్యాసంలో 'ఎలుకల్లో' అని ఉన్న ప్రతిచోటా కొట్టేసి, తుపాకీ పట్టుకున్న సైనికుడి బొమ్మ పెట్టి అచ్చేశాడు. జనానికి ఎలుకల గోల ఎందుకు, 1897లో సికింద్రాబాద్‌లో దోమలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ అని మొదలుపెట్టు అనేవాడు ఎప్పుడూ. ఆ వ్యాసం చదివి కందుకూరు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు, పిల్లోడికి జ్వరం తగ్గట్లేదు, ఆ ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ నెల్లూరులో దొరుకుద్దా అని. ముందు రక్తపరీక్ష చేయించయ్యా అని చెప్పి పెట్టేశా, ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ పత్రికకి మళ్ళీ ఒక్క ముక్క పంపలేదు.

కణాల్ని సైనికుల్లా చూసే ఈ పిచ్చి నీకూ పట్టింది, అందుకే ఒంటి స్పందనని చల్లార్చే ఐఎల్-10ని శత్రువుకి సాయం చేసే ప్రోటీన్ అని ఒక్క లైన్లో తోసేశావు. అది లేని ఎలుకలకి మలేరియా ఎక్కిస్తే ఎక్కువ చచ్చిపోయాయి, వాపు రగిలించే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ని అడ్డుకుంటే తెరిపిన పడ్డాయి, అంటే వాటి ప్రాణం మీదకి తెచ్చింది పరాన్నజీవి ఒక్కటే కాదు, అదుపు తప్పిన వాటి ఒంటి స్పందన కూడా. మనుషుల్లో అంటావా, వాలంటీర్లకి ఫాల్సిపారం ఎక్కించి చూసిన పని 2016లో వచ్చింది, అందులో ఆల్ఫా, బీటాలే ఐఎల్-10 వదిలే టీ కణాల్ని పెంచుతున్నాయని తేలింది. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, దీనికి రెండు పేజీలైనా ఇవ్వు.

సీడీ8 కణాలు, అంటే సోకిన కణాల్ని చంపే టీ కణాలు, ఎర్రకణాల మీద విరుచుకుపడతాయన్న పేరా తీసెయ్. ముదిరిన ఎర్రకణం మీద లోపలున్నదాన్ని టీ కణాలకి చూపించే ఎంహెచ్‌సీ క్లాస్-1 ప్రోటీన్ ఉండదు, అవి దాన్ని గుర్తుపట్టలేవు. లివర్ కణాల మీద ఉంటాది. వైవాక్స్ దూరే లేత ఎర్రకణాల మీదా ఉంటాదని 2018లో తేలింది, కావాలంటే అది రాయి. పండగ లోపల తిరగరాసి పంపు.