తుప్పుకే ధర

ప్రశ్న: మాస్టారూ, జపాన్‌లో ఒక చిన్న పట్టణం పాత కత్తి ఒక్కదానికి 50 కోట్ల యెన్‌లు పోసిందని మా అబ్బాయి చెబుతున్నాడు. ఎంత పాతదైనా ఇనుమే కదా! ఎవరు కొంటారు, ఏం చూసి కొంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. అప్పటి మారకంలో మన డబ్బు 30 కోట్ల పైమాటే. ఆ పట్టణం నాకు బాగా తెలుసు. ఒకాయామా ప్రాంతంలోని ఉక్కు కర్మాగారంలో తొమ్మిదేళ్లు పనిచేశాను. ఆదివారం వస్తే రైలెక్కి సెటోఉచి పట్టణంలోని ఒసఫునే పేటకు పోయేవాణ్ణి. ఒకప్పుడు బిజెన్ (ఆ ప్రాంతం పాత పేరు) కమ్మరుల కొలిములు వరసగా వెలిగిన చోటు అది. ఇప్పుడక్కడ కత్తుల మ్యూజియం ఉంది.

వాళ్లు 2020లో కొన్న కత్తి పేరు ‘యమతోరిగే’, అంటే అడవికోడి లాంటి ఒక కొండపక్షి ఈక. 13వ శతాబ్దపు పని. సమురాయి ప్రభువు ఉఎసుగి కెన్‌షిన్ వంశం దగ్గర ఉండేది. కెన్‌షిన్ సొంతగడ్డ జోఎత్సు నగరం అంతకుముందే బేరమాడి, ధర కుదరక వెనక్కి తగ్గింది. సెటోఉచి వాళ్లు మాత్రం, కత్తి పుట్టింది మా గడ్డ మీద కాబట్టి ఇంటికి తెచ్చుకుంటామని దేశమంతా విరాళాలు పోగేశారు.

తర్వాత ఒకసారి వెళ్లి చూశాను. అద్దం ముందు జనమంతా మోకాళ్లు వంచుతూ లేస్తూ కనిపిస్తే నవ్వొచ్చింది. నా వంతు వచ్చాక నేనూ అదే చేశాను. దీపపు వెలుగు అలుగు మీద ఒక కోణంలో జారితే తప్ప అందులోని పని కనబడదు మరి. వాదర పొడవునా తెల్లటి మబ్బులాంటి గీత పోతుంది. కత్తిని కాల్చి నీళ్లలో ముంచడానికి ముందే కమ్మరి దాని మీద మట్టి పూస్తాడు. వెన్ను మీద మందంగా, వాదర మీద పల్చగా. పల్చనిచోటు చటుక్కున చల్లారి గట్టిపడుతుంది, మందంగా ఉన్నచోటు మెల్లగా చల్లారి సాగే గుణం నిలుపుకుంటుంది. ఆ రెంటి పొలిమేరే ఆ గీత. దాన్ని ‘హామోన్’ అంటారు. బిజెన్ వాళ్ల గీతలు లవంగ మొగ్గలు గుత్తులుగా పేర్చినట్టుంటాయి. యమతోరిగేలో ఆ మొగ్గలు ఎగిసిపడే మంటల్లా ఉన్నాయి. ముప్పై ఏళ్లు లోహశాస్త్రంలో బతికినవాణ్ణి, అది మార్టెన్‌సైట్ (చటుక్కున చల్లారిన ఉక్కు పొందే గట్టి రూపం) అని తెలిసినవాణ్ణి. అయినా నోట మాట రాలేదు.

ఇక ధర సంగతి. మీరన్నట్టు ఇనుముకి ధర లేదు. పదునుకీ లేదు, ఈ కత్తులతో ఎవరూ గడ్డి కూడా కోయరు. కొనేవాడు మొదట చూసేది అలుగుని కాదు, పిడిలో దాగి ఉండే తోకని. దాన్ని ‘నకాగో’ అంటారు. వెదురు చీల ఒకటి తీస్తే పిడి ఊడివస్తుంది, కింద తుప్పుపట్టిన తోక బయటపడుతుంది. కమ్మరి తన పేరు చెక్కేది అక్కడే. ముదురు బెల్లంపాకం రంగులో, నున్నగా, తాకితే చేతికి అంటని తుప్పయితే శతాబ్దాలు దాటిందన్నమాట. ఎర్రగా పొడిపొడిగా రాలితే అనుమానించాలి.

రెండోది ఆరోగ్యం. నిజంగా ఆ మాటే వాడతారు. కత్తిని సానపట్టిన ప్రతిసారీ కాస్త లోహం పోతుంది. ఏడెనిమిది వందల ఏళ్లలో ఎన్ని సానలు! పై ఉక్కు అరిగి లోపలి మెత్తటి ఇనుము మచ్చలుగా తేలితే ఆ కత్తి ‘అలసిపోయింది’ అంటారు. అంత వయసులోనూ అలసిపోని కత్తులు చాలా తక్కువ. పైగా పొడవాటి పాత కత్తులను నడుముకి సరిపోయేలా తోకవైపు నుంచి కోసి పొట్టి చేసేవారు. ఆ కోతలో పేరు కూడా పోయేది. యమతోరిగేని మాత్రం అలా కోయలేదు. అయినా దాని మీద కమ్మరి పేరు లేదు! పని చూసి ఇచిమోంజి అనే బిజెన్ కమ్మరుల శాఖదని చెబుతారు. పేరు లేకపోయినా ఏ ఇంట్లో ఉంటూ వచ్చిందో తెలుసు కాబట్టి ఆ ధర పలికింది.

మూడోది కాగితం. ఎడో నగరం (ఇప్పటి టోక్యో) నుంచి షోగన్ ప్రభువులు ఏలిన కాలంలో హోన్‌అమి అనే కుటుంబం కత్తులను పరీక్షించి, ఇది ఫలానా వాడిది, ఇన్ని బంగారు నాణేల విలువ అని మడతకాగితం రాసిచ్చేది. ప్రభువులు ఒకరికొకరు కానుకిచ్చుకునేది ఆ కత్తీ కాగితమే. కత్తి అక్కడ ఎప్పుడో కరెన్సీ అయిపోయింది. ఇప్పుడు ఆ పని 1948లో పుట్టిన కత్తుల పరిరక్షణ సంఘం చేస్తోంది. దాని కాగితాల్లో నాలుగు మెట్లున్నాయి. నేనున్న రోజుల్లో అంగళ్లలో చూసిన ధరలు చెబుతాను. కింది మెట్టు కాగితం ఉన్న వకిజాషి, అంటే పొట్టికత్తి, రెండు నుంచి నాలుగు లక్షల యెన్‌లు. రెండో మెట్టులో పేరున్న పొడుగు కత్తి పది లక్షలు దాటేది. మూడో మెట్టుకి 30 లక్షల నుంచి మొదలై పైకి లెక్కలేదు. కత్తిని ఇంకో మెట్టు ఎక్కించడానికి లక్షలు పోసి సానపట్టించి, నెలల తరబడి ఎదురుచూసేవాళ్లుంటారు. ఎక్కకపోతే సాన ఖర్చు గోవిందా.

అందరూ డబ్బుకే చేస్తారనుకోకండి. వాల్టర్ కాంప్టన్ అని అమెరికాలో మందుల కంపెనీ నడిపిన పెద్దమనిషి. ఆయన కొన్న ఒక కత్తి, యుద్ధం తర్వాత కగోషిమాలోని తెరుకుని గుడి నుంచి మాయమైన, కునిమునే అనే కమ్మరి చేసిన కత్తి అని తేలింది. అది జాతీయ సంపదగా ప్రకటించిన వస్తువు. 1963లో పైసా పుచ్చుకోకుండా తిరిగిచ్చేశాడు. ఆయన పోయాక మిగతా సేకరణను 1992లో న్యూయార్క్‌లో వేలం వేశారు.

ప్రశ్న: భూమి, బంగారం లాగా దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా? మా తమ్ముడు ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు, కొనిపెడతానంటున్నాడు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వద్దమ్మా. ఎందుకంటే నేను కొన్నాను కాబట్టి.

ఒక ఆదివారపు సంతలో వకిజాషి ఒకటి దొరికింది. తోక మీద హిజెన్ తదాయోషి అని చక్కగా చెక్కి ఉంది. 17వ శతాబ్దపు గొప్ప పేరు. కాగితం లేదు. అమ్మినాయన చాలా మర్యాదస్తుడు, రెండుసార్లు వంగి నమస్కారం పెట్టాడు. 2 లక్షల 80 వేల యెన్‌లు ఇచ్చి ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. పరీక్షకు పంపితే దొంగపేరని కాగితం ఇవ్వకుండా తిప్పి పంపారు. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని ‘మీ దొంగబ్బాయి’ అంటుంది. తెలిసినవాళ్లు, ఆ పేరు చెరిపించి మళ్లీ పంపు, వేరే కమ్మరి పేరుతో కాగితం రావచ్చు అన్నారు. చెరపలేదు. ఎవడో పొట్టకూటికి చెక్కిన అక్షరాలు, అవీ పాతవే.

తమ్ముడికి ఒక్కటి చెప్పండి. జపాన్‌లో ప్రతి కత్తికీ ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) విద్యామండలి ఇచ్చిన నమోదు పత్రం ఉండాలి. దేశం దాటించాలంటే ఆ పత్రం వెనక్కిచ్చి సాంస్కృతిక శాఖ అనుమతి పొందాలి. ఇక్కడ మన ఆయుధాల చట్టం ఉండనే ఉంది, అలుగు 9 అంగుళాలు మించితే లైసెన్సు సంగతి తేల్చుకోకుండా తేవద్దు.

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచయుద్ధంలో బర్మాలో పనిచేశారు. ఆయన తెచ్చిన జపాన్ కత్తి అటక మీద ఉంది. తుప్పు బాగా పట్టింది. నిమ్మరసం, ఇసుక కాగితం పెట్టి రుద్దిద్దామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: బాబూ, ఆ నిమ్మకాయ పులిహోరలోకి వాడుకోండి. కత్తి జోలికి పోకండి.

ముందు పిడి చూడండి. స్క్రూతో బిగించి, అలుగు మీద అంకెలు గుద్ది ఉంటే కర్మాగారంలో సార్జెంట్ల కోసం చేసింది. తాతగారి గుర్తుగా దాచుకోండి. వెదురు చీల ఉంటే ఆశ ఉంది. కొందరు జపాన్ అధికారులు ఇంట్లో తరతరాలుగా వస్తున్న అలుగులకే సైన్యపు పిడి, ఒర తొడిగించుకుని యుద్ధానికి వచ్చారు. చీలని చిన్న సుత్తితో మెల్లగా కొట్టి తీయించి, తోకని రెండువైపులా పగటి వెలుతురులో ఫోటోలు తీసి పంపండి. తోక మీది తుప్పు రవ్వంత కూడా గీకకండి. అలుగుని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, చెమట తగిలినచోట వేలిముద్ర తుప్పుగా నిలిచిపోతుంది. మెత్తటి బట్టతో తుడిచి, కుట్టుమిషన్ నూనె పల్చగా రాసి ఉంచండి. లైసెన్సు ఉందో లేదో తాతగారి పాత కాగితాల్లో ఈ వారమే వెతకండి.