డెలావేర్ పేరు చెబితే వెనక్కి తగ్గకండి

డెలావేర్ రాష్ట్రంలో రిజిస్టరైన కంపెనీ మీద కాలిఫోర్నియాలో, చిన్న మొత్తాల తగాదాలు తేల్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో దావా వేస్తే, దావా కాగితాలు డెలావేర్‌కు పంపాలా అని అడిగారు. అక్కర్లేదు. పంపినా చెల్లదు. ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఈ కోర్టు కాగితాలు రాష్ట్రం సరిహద్దుల్లోపలే ప్రతివాదికి అందాలి. కాలిఫోర్నియాలో ఆ కంపెనీ తరఫున కోర్టు కాగితాలు పుచ్చుకునే ఏజెంటు ఎవరో వెతకండి. ఇక్కడ వ్యాపారానికి నమోదైన ప్రతి బయటి కంపెనీ అలాంటి ఏజెంటును చూపించి తీరాలి. కంపెనీలను నమోదు చేసే కాలిఫోర్నియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం వెబ్‌సైటులో పేరు, చిరునామా ఉచితంగా దొరుకుతాయి.

నేను ఒక ఫర్నిచర్ కంపెనీ మీద దావా వేశాను. సోఫా చట్రం విరిగి వచ్చింది. వాళ్లే వెనక్కి తీసుకెళ్లారు, డబ్బు మాత్రం ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా ‘మాది డెలావేర్ కంపెనీ, ఏదైనా అక్కడే తేల్చుకోండి’ అని ఒకటే మెయిలు. ఫార్చ్యూన్ 500 అనే అమెరికా అతిపెద్ద కంపెనీల జాబితాలో దాదాపు మూడింట రెండు వంతులు అక్కడే రిజిస్టరయ్యాయి. ఆ మాటకు బెదిరితే ఈ దేశంలో ఏ పెద్ద కంపెనీనీ నిలదీయలేం. మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ‘కోర్టు గొడవలు మనకెందుకు, వదిలేయండి’ అనే సలహాయే. వీసా మీద ఉన్నవాళ్లు మరీ భయపడతారు. మనకు రావలసిన డబ్బు అడగడానికీ వీసాకూ ఏమిటి సంబంధం? ఇలా ఊరుకునేవాళ్లను చూసుకునే ఆ మెయిళ్లు పంపుతారు.

మొదట కోర్టు ద్వారా సర్టిఫైడ్ పోస్టులో పంపించాను. అందినట్టు సంతకంతో పోస్టులో తిరిగి వచ్చిన పచ్చరంగు రసీదు మీద ఒక వంకర గీత ఉంది, పేరు లేదు. సంతకం ఎవరిదో తెలియకపోతే జడ్జి ఒప్పుకోకపోవచ్చన్నారు కోర్టు కౌంటరులో. కంపెనీల విషయంలో పోస్టును అసలు నమ్మకూడదు.

దావా వేసినవారు స్వయంగా కాగితాలు అందజేయకూడదు. కేసుతో సంబంధం లేని, 18 ఏళ్లు నిండినవారు ఎవరైనా ఇవ్వవచ్చు. మా పక్కింటాయన వెళ్లారు. ఏజెంటు ఆఫీసంటే ఒక కౌంటరు, ఒక కంప్యూటరు, ట్రేలో ఇలాంటి కాగితాల కట్టలు, అంతే. అక్కడి ఆవిడ దావా దేని గురించని కూడా అడగలేదట. కంపెనీ పేరును తెర మీద అక్షరం అక్షరం సరిచూసి, తేదీ ముద్ర కొట్టి తీసుకున్నారు. పెట్టె మీది బ్రాండు పేరు వేరు, రిజిస్టరైన పేరు వేరు. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న పేరునే నేను దావాలో రాశాను కాబట్టి అక్కడ పేచీ రాలేదు. అసలు పేరును అంత చిన్న అక్షరాల్లో దాచే పద్ధతిని చట్టం ఎందుకు సహిస్తుందో నాకు అర్థం కాదు.

పక్కింటాయన ఆవిడ పేరు, సమయం కాగితాలు అందజేసినట్టు కోర్టుకు చూపే ఎస్‌సి-104 ఫారంలో నింపి సంతకం చేశారు. ఆ ఫారం కోర్టుకు చేరితేనే అందజేసినట్టు లెక్క. ఏజెంటు ఆ కోర్టున్న కౌంటీలోనే (మన జిల్లా లాంటిది) ఉంటే విచారణకు కనీసం 15 రోజుల ముందు, వేరే కౌంటీలో ఉంటే 20 రోజుల ముందు కాగితాలు అందాలి.

కాగితం ఏజెంటు చేతికి చేరాక, మెయిళ్లతోనే సరిపెట్టిన కంపెనీ తనంతట తానే ఫోను చేసి, సోఫా డబ్బూ కోర్టు ఫీజూ విచారణకు ముందే కట్టేసింది. ఇక్కడ విచారణకు లాయరును పంపడం కుదరదు, కంపెనీ ఉద్యోగినో, అధికారినో, డైరెక్టరునో పంపాలి. అంత దూరం నుంచి మనిషిని పంపడం కంటే డబ్బు ఇచ్చేయడమే వాళ్లకు చవక.

మీరు దావా వేయాలనుకునే కంపెనీకి కాలిఫోర్నియాలో ఏజెంటే లేకపోతే దావా వేసేముందు మీ కౌంటీలోని స్మాల్ క్లెయిమ్స్ సలహాదారుతో మాట్లాడండి, ఆ సేవ ఉచితం. ఫీజు దావా మొత్తాన్ని బట్టి 30 నుంచి 75 డాలర్లు.