గది చూసి ఇచ్చిన సలహాకు పూచీ ఎవరిది?

ప్రశ్న: మా ఇంట్లో పాత స్టీరియో ఉంది. పాటలో గొంతు స్పష్టంగా వినపడదు, బేస్ ముద్దముద్దగా ఉంటుంది. ఒక ఆడియో దుకాణంలో ఈ మాట చెబితే వారి మనిషి ఇంటికి వచ్చాడు. గది చూశాడు, కాసేపు విన్నాడు. యాంప్లిఫయరూ స్పీకర్ల వైర్లూ మారిస్తే ‘శబ్దం రెట్టింపవుతుంది, గొంతు అద్దంలా వినిపిస్తుంది’ అన్నాడు. వాట్సాప్‌లోనూ అదే రాశాడు. అతను చెప్పినవే కొన్నాను, అతనే వచ్చి బిగించాడు. బేస్ ఎప్పటిలాగే ఉంది. పైగా ఇప్పుడు పాట ఆపినా స్పీకర్లలోంచి గుయ్‌మని మోత. అడిగితే ‘లోపం మీ గదిలో ఉంది, మా సరుకులో కాదు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని బిల్లు మీదే ఉంది’ అంటున్నారు. నా డబ్బు రాబట్టుకోవచ్చా? మరో సందేహం: శబ్దం కాస్త పెంచితే పక్కింటివారు ఫిర్యాదు చేస్తామంటున్నారు. వారికి ఆ హక్కు ఉందా?

జవాబు: రాబట్టుకోవచ్చు. అయితే ‘ధ్వని బాగాలేదు’ అన్న ఒక్క మాట పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కు వెళితే ఒట్టి చేతులతో తిరిగి వస్తారు. బాగుందా లేదా అన్నది చెవి తేల్చే విషయం, ఏ ఇద్దరి చెవులూ ఒక్కలా వినవు. మీ ఉత్తరంలో నిజానికి మూడు ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి: మోత, ‘రెట్టింపు’ అన్న మాట, ముద్దగా ఉన్న బేస్. మూడింటి బలం మూడు రకాలు. ముందు వాటిని విడదీయండి.

మోత మీ చేతిలోని గట్టి ఆయుధం. అది అభిరుచికి సంబంధించింది కాదు, ఎవరు విన్నా మోతే. ఇది ఎక్కడ పుడుతోందో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. యాంప్లిఫయర్ ఆపి, స్పీకర్ల వైర్లు తప్ప దాని వెనక ఉన్న టీవీ, ప్లేయర్ వంటి వాటి వైర్లన్నీ తీసేసి మళ్లీ ఆన్ చేయండి. మోత అప్పటికీ ఉంటే తప్పు చాలావరకు యాంప్లిఫయర్‌దే. ఆగిపోతే తప్పు కనెక్షన్లలో ఉంది. రెండు పరికరాలు రెండు వేర్వేరు చోట్ల ఎర్త్ అయినప్పుడు వాటిని కలిపే వైరు గుండా ఇంటి కరెంటులోని 50 హెర్ట్జ్ కంపనం లోపలికి చొరబడి ఇలా గుయ్‌మంటుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో మొదటిదాన్ని వస్తు లోపం అంటారు, రెండోదాన్ని సేవా లోపం అంటారు. అమ్మినవారూ బిగించినవారూ ఒకరే కాబట్టి ఎటు తిరిగినా బాధ్యత అక్కడికే చేరుతుంది. దుకాణం మనిషి వెళ్లిపోయాక మీరే తగిలించిన పరికరం వల్లో, ఇంటి ఎర్తింగ్ సరిగా లేకనో మోత వస్తుంటే మాత్రం ఈ వాదన నిలవదు. నోటీసు ఇచ్చే ముందే పరీక్ష చేయమనేది అందుకే.

ఈ పరీక్షను ఫోనులో మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా తీయండి. వైర్లు తీయడం కనపడాలి, మోత వినపడాలి. యాంప్లిఫయర్ మూత మాత్రం విప్పకండి. మీరో, మీకు తెలిసిన మెకానిక్కో స్క్రూ ముట్టుకున్న మరుక్షణం ‘మీరే చెడగొట్టారు’ అనే వాదన వారికి దొరుకుతుంది, వారంటీ కూడా చేజారవచ్చు.

ఇక ‘శబ్దం రెట్టింపు’. యాంప్లిఫయర్ శక్తి రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపుగా అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల శక్తి కావాలి. ఇది తెలిసిన అమ్మకందారు ఆ మాట అనడు, తెలియనివాడు సలహాలు ఇవ్వకూడదు. కాని చట్టం ప్రతి గొప్పనూ పట్టించుకోదు. ‘అద్దంలా వినిపిస్తుంది’ అన్నది సరుకును పొగుడుకోవడమే, దాని మీద కేసు నడవదు. పొగడ్తకూ వాగ్దానానికీ గీత ఎక్కడ ఉందో లా విద్యార్థులందరూ చదివే కార్లిల్ కేసు చెబుతుంది. 1892లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు తీర్పు అది. ‘పొగ గోళీ’ అనే తమ మందును చెప్పిన విధంగా వాడినా ఇన్‌ఫ్లుయెంజా సోకితే 100 పౌండ్లు ఇస్తామని ఒక కంపెనీ ప్రకటించింది, అందుకోసం బ్యాంకులో 1,000 పౌండ్లు జమ చేశామని కూడా చెప్పుకుంది. తర్వాత ఇదంతా ఉత్త ప్రచారమేనంటూ తప్పుకోబోతే కోర్టు ఒప్పుకోలేదు. అంకె వేసి, పూచీ చూపి చెప్పిన మాట కట్టిపడేస్తుంది.

మన వినియోగదారుల రక్షణ చట్టం ఇంకా ఉదారంగా ఉంది. సెక్షన్ 2(10) ప్రకారం ‘వ్యాపారి ఏ విధంగానైనా చెప్పుకున్న’ ప్రమాణానికి వస్తువు తగ్గితే అదీ లోపమే. ఆ చెప్పుకోవడం వాట్సాప్‌లో జరిగినా సరే. అందుకే పెట్టె మీదా బిల్లు మీదా ఉన్న వాట్ల అంకె చూడండి. ‘పీఎంపీఓ’ అని ఉంటే అది రెప్పపాటు కాలానికి ఊహించి వేసిన అంకె, నిలకడగా అందే శక్తితో దానికి పొత్తు ఉండదు. నిలకడ శక్తిని ‘ఆర్‌ఎంఎస్’ వాట్లలో చెబుతారు. ఈ వాట్ల గారడీ భరించలేకే అమెరికా 1974లో యాంప్లిఫయర్ల శక్తిని ఎలా కొలిచి చెప్పాలో ప్రత్యేకంగా నియమం చేసింది. మీకు ఆర్‌ఎంఎస్ అంకె చెప్పి, పెట్టెలో దానికి చాలా తక్కువది ఇచ్చి ఉంటే ఈ రెండో ఫిర్యాదుకూ ప్రాణం వస్తుంది. వైర్ల సంగతికి వస్తే, ఇంట్లో వాడే కొద్దిపాటి పొడవుకు తగినంత మందం ఉన్న మామూలు రాగి వైరు సరిపోతుంది. ఖరీదైన వైరు కొనిపించడం మీకు మంట పుట్టించినా, చెప్పిన వైరే ఇచ్చి ఉంటే దాని మీద పోరాడకండి.

మూడోది బేస్. ‘తప్పు గదిది’ అన్న వారి మాటలో శాస్త్రపరంగా నిజం ఉంది. స్పీకరు మూలలో గానీ గోడకు ఆనించి గానీ ఉంటే బేస్ ఉబ్బుతుంది, గొంతు దాని కింద అణిగిపోతుంది. ఖాళీ గోడలూ నున్నటి నేలా ఉన్న గదిలో ధ్వని తిరిగి తిరిగి కొట్టి మాటలు అలుక్కుపోతాయి. స్పీకర్లను గోడకు కాస్త ఎడంగా జరపడం, రెండు స్పీకర్లూ మీరు కూర్చునే చోటూ సమబాహు త్రిభుజంలా కుదరడం, నేల మీద తివాచీ, గోడకు పుస్తకాల అర, ఇవి చేసేంత మేలు కొత్త యాంప్లిఫయర్ చేయదు.

సరిగ్గా ఇక్కడే మీ కేసు బలపడుతోంది. అతను ఆ గదిని చూశాడు, అందులో కూర్చుని విన్నాడు, అప్పుడే యాంప్లిఫయర్ మార్చమన్నాడు. వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 ప్రకారం, కొనేవారు తమ అవసరం ఇదీ అని చెప్పి, అమ్మేవారి నైపుణ్యాన్ని నమ్మి, వారు మామూలుగా వ్యాపారం చేసే రకం సరుకే కొంటే, అది ఆ అవసరానికి తగినదై ఉండాలన్న షరతు ఎవరూ రాయకపోయినా ఒప్పందంలో ఉన్నట్టే. గొంతు స్పష్టంగా వినపడాలన్నది మీరు చెప్పిన అవసరం. గది కళ్లెదుటే ఉండగా సలహా ఇచ్చి, డబ్బు తీసుకున్నాక నెపం గది మీదికి నెట్టడం కుదరదు. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: ఫలానా బ్రాండు, ఫలానా మోడలే కావాలని మీరే పేరు పెట్టి కొంటే ఈ రక్షణ అందదు. మీరు అతని ఎంపికకే వదిలేశారు కాబట్టి భయం లేదు. ‘మీరు చెప్పిందే తీసుకుంటాను’ అని మీరు పంపిన సందేశం ఏదైనా ఫోనులో ఉంటే చెరపకండి, బిల్లుతో సమానమైన విలువ దానిది.

బిల్లు మీద అచ్చేసిన ఆ వాక్యానికి బెదరనక్కరలేదు. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి, బిల్లులో చెప్పిన గడువులోపు, గడువేదీ లేకుంటే 30 రోజుల్లోపు, నిరాకరించడం వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వాణిజ్య పద్ధతి. అది లోపమున్న సరుకుకే వర్తిస్తుంది, మనసు మార్చుకున్నవారికి కాదు. ఆలస్యం మాత్రం చేయకండి. అభ్యంతరం చెప్పకుండా సరుకును చాలాకాలం అట్టిపెట్టుకుంటే అంగీకరించినట్టే లెక్క.

ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మోతను మొదట రాయండి, గది చూసి ఇచ్చిన సలహాను తర్వాత, వాట్ల అంకెలో తేడా ఉంటే దాన్ని చివర. బాగుచేయడం, మార్చి ఇవ్వడం, డబ్బు తిరిగి ఇవ్వడం, ఈ మూడింటిలో ఒకటి 15 రోజుల్లో చేయమనండి. స్పందన లేకుంటే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, దుకాణం ఉన్న ఊరికి వెళ్లనక్కరలేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. విచారణ ప్రధానంగా అఫిడవిట్లు, పత్రాల మీదే సాగుతుంది, న్యాయవాది తప్పనిసరి కాదు. లోపం పరీక్షిస్తే గానీ తేలదని కమిషన్ అనుకుంటే యాంప్లిఫయర్‌ను ప్రయోగశాలకు పంపుతుంది, ఆ ఖర్చు ముందుగా మిమ్మల్నే జమ చేయమనవచ్చు. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేలాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పట్టవచ్చని మనసు సిద్ధం చేసుకోండి. దారిలో దుకాణంవారు మధ్యవర్తిత్వానికి వస్తే కాదనకండి, ఈపాటి వివాదానికి అదే దగ్గరి దారి.

పక్కింటివారికి హక్కు ఉంది. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. సొంత సౌండ్ సిస్టమ్ శబ్దం మీ ఇంటి సరిహద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. అయితే ఈ కొలతకు వాడే డీబీ(ఎ) పద్ధతి బేస్‌ను తక్కువగా లెక్కిస్తుంది, గోడ దాటి అవతలివారిని వేధించేదేమో ఎక్కువగా బేసే. మీటరులో తప్పు కనపడనంత మాత్రాన వారి బాధ అబద్ధం కాదు. స్పీకర్లు ఉమ్మడి గోడకు ఆని ఉంటే ముందు వాటిని అక్కడి నుంచి జరపండి, పాటలో గొంతు వినపడని సమస్య కూడా కొంత తగ్గుతుంది. ఆ జరపడం మోత వీడియో తీశాకే చేయండి.