పోస్ట్‌డాక్ అప్లికేషన్ పెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగానికి, అప్లై చేస్తూ జర్నళ్ళ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల గురించి అడిగావు. దానికంటే ముందు నీ పేరు సంగతి తేల్చుకో. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, డేటాబేసులేమో దాన్ని చివర వెతుకుతాయి. ప్యానాప్టోసిస్ (కణాలు చనిపోయే ఒక విధానం) మీద పనిచేసిన కన్నెగంటి తిరుమలాదేవి గారి రికార్డే చూడు. 2001లో మన మిరియాలు, ధనియాలు, అల్లం, పసుపుల్లో ఓక్రాటాక్సిన్ అనే బూజు విషం గురించి వచ్చిన పేపర్లో ఆమె ‘తిరుమల-దేవి కె’. బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ వల్ల కాస్పేస్-1 అనే ఎంజైమ్ ఎలా యాక్టివేట్ అవుతుందో చెప్పిన 2006 నాటి నేచర్ పేపర్లో ‘కన్నెగంటి టి డి’. ఒక పేరుతో వెతికితే రెండోది దొరకదు. ఆవిడ స్థాయికి అదొక లోటు కాదు. మూడే పేపర్లున్న నీకు మాత్రం ఒకటి జారిపోతే మూడో వంతు పోయినట్టే.

అందుకని ఇంటిపేరు, అసలు పేరు ఎలా రాయాలో ఇవాళే నిర్ణయించుకుని, ఇక మార్చకు. పెళ్ళయినా సరే. ఓర్కిడ్ (ORCID) అనే పరిశోధకుల రిజిస్టరులో 16 అంకెల నంబరు ఉచితంగా ఇస్తారు. పాత పేపర్లన్నీ అందులోకి ఎక్కించి, ‘ఇతర పేర్లు’ అన్నచోట పాత స్పెల్లింగులు కూడా రాయి. స్కోపస్ అనే పేపర్ల డేటాబేసులో నీకు రెండు ప్రొఫైళ్ళుంటే కలపమని అక్కడే అర్జీ పెట్టొచ్చు. గూగుల్ స్కాలర్‌లో పేపర్లు వాటంతటవే చేరిపోయే సెట్టింగు తీసెయ్. లేకపోతే నీ పేరే ఉన్న ఇంకొకరి పేపర్లు నీ ఖాతాలో పడతాయి. ఇంటర్వ్యూలో ఎవరైనా దాన్ని పట్టుకుంటే, పొరపాటున చేరిందని చెప్పినా నమ్మరు.

హెచ్-ఇండెక్స్ లెక్క సులువే. కనీసం హెచ్ సైటేషన్లు (ఇతరుల పేపర్లలో ప్రస్తావనలు) ఉన్న పేపర్లు హెచ్ ఉంటే, అదే నీ అంకె. నీ పేపర్లకు సైటేషన్లు 40, 22, 9, 5, 4, 1 అనుకో. నాలుగో పేపరుకి కనీసం నాలుగున్నాయి, ఐదోదానికి ఐదు లేవు, కాబట్టి హెచ్ 4. మొదటి పేపరుకి 40 బదులు 400 వచ్చినా అది 4 దగ్గరే ఆగుతుంది. గూగుల్ స్కాలర్ థీసిస్‌లనీ, రివ్యూ కాకముందే ఆన్‌లైన్లో పెట్టే ప్రీప్రింట్లనీ కూడా లెక్కేస్తుంది కాబట్టి అక్కడి అంకె స్కోపస్ కంటే పెద్దదిగా ఉంటుంది. సీవీలో రాసేటప్పుడు ఎక్కడి లెక్కో, ఏ తేదీదో పక్కనే రాయి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మాత్రం జర్నల్‌ది, నీది కాదు. అంతకుముందు రెండేళ్ళ వ్యాసాలకు ఆ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు అది. నాలుగు పేపర్లు బాగా పేలితే మిగతావన్నీ ఆ నీడలో గొప్పగా కనబడతాయి.

నీ పేపరును ఇతరులు ఎందుకు సైట్ చేస్తారు? చాలాసార్లు నీ పద్ధతిని వాళ్ళ ల్యాబులో వాడుకోగలిగినందుకు. ఇమ్యునాలజీలో మెథడ్స్ దగ్గరే పేపర్లు చతికిలబడతాయి. కొన్ని రోగనిరోధక కణాల మీదుండే సీడీ4 ప్రోటీన్‌కి అతుక్కునే యాంటీబాడీ గురించి ఊరికే ‘యాంటీ-సీడీ4 వాడాం’ అని రాస్తే ఎవరికీ పనికిరాదు. క్లోన్ (ఆ యాంటీబాడీలో ఏ రకమో), ఫ్లోరోక్రోమ్ (దానికి తగిలించిన మెరిసే రంగు), కేటలాగ్ నంబరు, డైల్యూషన్ (ఎంత పలచన చేశావో) అన్నీ ఉండాలి. జీకే1.5 క్లోన్‌తో ఎలుకలో సీడీ4 కణాలను డిప్లీట్ చేసి (అంటే తొలగించి), మళ్ళీ అదే క్లోన్‌తో స్టెయిన్ చేసి, ఎన్ని మిగిలాయో చూశారనుకో. మిగిలిన కణాల మీద ఆ ఎపిటోప్‌ను, అంటే యాంటీబాడీ అతుక్కునే చోటును, మొదటి యాంటీబాడీయే కప్పేసి ఉంటుంది కాబట్టి, కణాలున్నా లేనట్టే కనబడుతుంది. వేరే చోట అతుక్కునే ఆర్‌ఎం4-4 క్లోన్‌తో చూడాలి. క్లోన్ పేరు రాయకపోతే ఈ తప్పు జరిగిందో లేదో రివ్యూయర్‌కి తెలిసే దారే లేదు. గేటింగ్, అంటే ఫ్లో సైటోమెట్రీ ప్లాట్లలో ఏ కణాలను ఎలా ఎంచుకున్నావో, మొత్తం సప్లిమెంటరీలో మొదటి ప్లాట్ నుంచి చూపించు. డబ్లెట్లూ (అతుక్కుపోయిన జంట కణాలు) చచ్చిన కణాలూ ఎక్కడ తీసేశావో, గేటు గీత ఏ ఎఫ్‌ఎంఓ కంట్రోల్‌ను (ఒక్క రంగు తప్ప మిగతావన్నీ వేసిన నమూనా) బట్టి గీశావో కనబడాలి. ఎన్ (నమూనాల సంఖ్య) అంటే ఎలుకలా, వెల్సా (ప్లేటులోని గుంటలా)? మూడు ఎలుకలు, ఒక్కోదానికి మూడు వెల్స్ అయితే ఎన్ 3. తొమ్మిదని రాస్తే, తేడా కాకతాళీయమేమో తూచే పీ-వాల్యూ అబద్ధం చెబుతుంది.

ఆథర్ల వరుస ఫిగర్లు మొదలైనప్పుడే మీ గైడ్‌తో మాట్లాడి, ఈమెయిల్లో పెట్టించుకో. మూడు రోజుల్లో యాక్సెప్ట్ చేస్తామని ఈమెయిళ్ళు పంపే జర్నళ్ళ జోలికి పోకు. అక్కడ వేసిన పేపర్ను వెనక్కి తీసుకోవడం మహా కష్టం.

ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటాను జీఈఓ అనే పబ్లిక్ డేటా నిల్వలో ప్రైవేట్‌గా పెట్టి, పేపరొచ్చాక రిలీజ్ చేయడం చాలామంది మరచిపోతారు. అక్కడ నీ డేటాకి ఇచ్చిన అకెషన్ నంబరు కొడితే ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో లాగిన్ లేకుండా ఒకసారి చూడు.

ఆశీస్సులతో,
పెదనాన్న